నిద్రను పదిహేను రోజుల్లో దారిలో పెట్టుకోవడం ఎలా? (ఇంటర్, టెన్త్ చదివే పిల్లల కోసం)

పదమూడేళ్లుగా జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. దసరా సెలవులు అయిపోయి చలి మొదలయ్యేసరికి పిల్లలు నా దగ్గరికి రెండు ప్రశ్నలతో వస్తారు. "మేడమ్, రాత్రి పడుకుంటే నిద్ర పట్టట్లేదు." "మేడమ్, పుస్తకం తెరిస్తే నిద్ర ఆగట్లేదు." చాలాసార్లు ఈ రెండూ ఒకరే అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, చెప్పేదంతా ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో ఉన్నవన్నీ మా పిల్లలు చేసి చూసినవే.

ముందుగా ఒక మాట. రాత్రి పదకొండైనా నీకు నిద్ర రావడం లేదంటే అది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక ఒంట్లోని గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర ముంచుకొచ్చేలా చేసే మెలటోనిన్ అనే హార్మోను చిన్నప్పటికంటే గంటా రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. నిద్ర అవసరం మాత్రం అంతగా తగ్గదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2014లోనే ఈ వయసు పిల్లల బడులు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టవద్దని సూచించింది. మన దగ్గర చాలాచోట్ల ఐదున్నరకే స్టడీ అవర్. దాన్ని నువ్వు మార్చలేవు కాబట్టి, నీ చేతిలో ఉన్నవాటి గురించే రాస్తాను.

నీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది లేచే సమయం. అందరూ పడుకునే సమయాన్ని మార్చబోయి ఓడిపోతారు. నిద్ర ఎప్పుడు పట్టాలో మనం నిర్ణయించలేం. ఎప్పుడు లేవాలో నిర్ణయించుకోగలం. లేచే సమయం ఒకచోట కుదురుకుంటే, నిద్ర పట్టే సమయం నాలుగైదు రోజుల్లో దాని వెనకే రావడం మొదలుపెడుతుంది.

కావలసినవి

- ఒక మామూలు అలారం గడియారం. ఫోన్‌లోని అలారం పనికిరాదు, ఎందుకో కింద చెబుతాను.
- చిన్న నోట్‌బుక్, పెన్ను.
- పడుకోవడానికి మాత్రమే వాడే చాప గానీ, బొంత గానీ, దుప్పటి గానీ. మంచం ఉంటే మంచమే.
- దోమతెర.
- ఇంట్లో నీ మాట నమ్మే ఒక పెద్దమనిషి. అమ్మ, నాన్న, అమ్మమ్మ, అక్క, ఎవరైనా సరే.
- పదిహేను రోజులు. వారంలో పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని దీన్ని మొదలుపెట్టవద్దు. మొదటి నాలుగు రోజులు కొంచెం నలతగా ఉంటుంది.

1. మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకో

పొద్దున లేవగానే నోట్‌బుక్‌లో నాలుగు అంకెలు వెయ్యి: ఎన్నింటికి పడుకున్నావు, సుమారు ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నింటికి లేచావు, ముందురోజు పగలు ఎంతసేపు పడుకున్నావు. గడియారం చూస్తూ లెక్కపెట్టనక్కర్లేదు, అంచనా చాలు.

ఒక అమ్మాయి తెచ్చి చూపించిన కాగితంలో ఇలా ఉంది: పడుకుంది 12:15, పట్టింది 1:00, లేచింది 6:20, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక 4:30 నుంచి 6:15 దాకా నిద్ర. లెక్క వేస్తే రాత్రి ఐదు గంటల ఇరవై నిమిషాలు, సాయంత్రం గంటా నలభై ఐదు నిమిషాలు. నిద్ర పట్టని జబ్బేదో వచ్చిందని ఆ పిల్ల భయపడుతోంది. నిజానికి రాత్రి రావలసిన నిద్రలో కొంత సాయంత్రమే అయిపోతోంది. కాగితం మీద పెట్టేదాకా తనకు అది కనిపించలేదు. అందుకే ఈ మెట్టు దాటేసి రెండోదానికి వెళ్లవద్దు.

2. లేచే సమయం ఖరారు చేసుకో

కాలేజీకో బడికో బయలుదేరే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టు. ఎనిమిదికి బస్సు, తయారవడానికి గంటన్నర అనుకుంటే లేచేది 6:30. ఇంకో ఎనిమిది గంటలు వెనక్కి వెళితే 10:30కల్లా నిద్ర పట్టాలి. పడుకోగానే పట్టదు కాబట్టి 10:10కి పక్క మీద ఉండాలి. నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ రెండు అంకెలూ పెద్దగా రాసుకో.

వారంలో ఏడు రోజులూ ఇదే సమయం. ఆదివారం ఎక్కువలో ఎక్కువ ఒక గంట వెసులుబాటు, అంటే 7:30. ఆదివారం పదకొండింటిదాకా పడుకుంటే ఆ రాత్రి రెండైనా నిద్ర రాదు. సోమవారం ఫస్ట్ పీరియడ్‌లో క్లాసు సగం కళ్లు మూసుకుని ఉండేది అందుకే.

సెలవుల్లో పదింటికి లేవడం అలవాటైపోయిందా? ఒక్కసారిగా ఆరున్నరకు దూకవద్దు. రోజుకు అరగంట చొప్పున ముందుకు జరుపు. వారంలో చేరుకుంటావు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బాగా గుర్తుంటుందని ఇంట్లో అంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలకు అదే చెప్పేదాన్ని, తర్వాత మానేశాను. ఆ మాట పుట్టిన రోజుల్లో పల్లెల్లో ఎనిమిదింటికి అన్నం తిని తొమ్మిదింటికల్లా దీపం ఆర్పేవాళ్లు. నువ్వు నిజంగా ఎనిమిదింటికే పడుకోగలిగితే నాలుగింటికి నిక్షేపంగా లేవచ్చు. పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే మాత్రం రాత్రి చదివినది కూడా సరిగా నిలవదు. పగలు చదివిన దాన్ని మెదడు గట్టిపరచుకునేది నిద్రలోనే. చివరి రెండు మూడు గంటల్లో కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉంటుంది. నాలుగింటి అలారం సరిగ్గా దాన్నే కోసేస్తుంది.

3. లేచిన అరగంటలో వెలుగులోకి వెళ్లు

ఒంటి గడియారాన్ని ముందుకు తిప్పేది పొద్దుటి వెలుగు. ట్యూబ్‌లైటు వెలుతురు దానికి చాలదు. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుగు గదిలో వెలుగుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. డాబా మీద పచార్లు చెయ్యి, పాల ప్యాకెట్‌కి నువ్వే వెళ్లు, అరుగు మీద కూర్చుని బ్రష్ చేసుకో. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. సూర్యుడి వంక నేరుగా చూడవద్దు, చూడాల్సిన అవసరమూ లేదు.

మేలో హైదరాబాద్‌లో 5:45కల్లా తెల్లవారిపోతుంది, విశాఖలో ఇంకా ముందే. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యోదయం దాదాపు 6:45. కాబట్టి చలికాలంలో ముందు గదిలో లైట్లన్నీ వేసుకుని, పొద్దెక్కాక బస్టాపులో నీడ వదిలి వెలుగులో నిలబడు.

అలారం గడియారాన్ని చెయ్యి చాపితే అందేచోట పెట్టకు. లేచి నాలుగడుగులు వేస్తే గానీ ఆపలేనంత దూరంలో పెట్టు. ఒక్కటే అలారం ఉండాలి. 5:30, 5:40, 5:50 అంటూ వరసగా పెట్టుకుంటే ఆ అరగంట నిద్ర ముక్కలవుతుంది. అది నిద్రా కాదు, మెలకువా కాదు.

4. రాత్రి సమయాన్ని పావుగంట చొప్పున ముందుకు జరుపు

నీ కాగితంలో నిద్ర పట్టే సమయం 1:00 అనుకో. గమ్యం 10:30. మధ్యలో రెండున్నర గంటలు, అంటే పది పావుగంటలు. మొదటి రోజు 12:45 లక్ష్యంగా పడుకో, రెండో రోజు 12:30. ఒక రోజు పట్టకపోతే మర్నాడు కూడా అదే సమయం ఉంచు. పదిహేను రోజుల గడువు అందుకే.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఈ రోజు నుంచి మారిపోతానని తొమ్మిదిన్నరకే లైటు ఆర్పేసి పడుకుంటారు. రోజూ ఒంటిగంటకు నిద్రపోయే మెదడు తొమ్మిదిన్నరకు పూర్తి మెలకువలో ఉంటుంది. మూడు గంటలు అటూ ఇటూ దొర్లి, "నా వల్ల కాదు" అని మర్నాడే వదిలేస్తారు.

హెచ్చరిక: ఈ మొదటి వారంలో పగలు కళ్లు బరువెక్కుతాయి. నిద్రమత్తులో సైకిల్ మీదో బండి మీదో రద్దీ రోడ్డెక్కకు. బస్సులో వెళ్లు, లేదంటే ఎవరినైనా దింపమను.

5. ఫోన్‌ని గది దాటించు

నీ ఫోన్‌ని నేను తిట్టబోవడం లేదు. నీ స్నేహితులు, పాటలు, సగం చదువు దాంట్లోనే ఉన్నాయి. కానీ నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిదిమందికి ఈ ఒక్క మెట్టుతోనే సగం సమస్య తీరింది.

స్క్రీన్ వెలుగు గురించి అందరూ చెబుతారు. నా అనుభవంలో వెలుగుకంటే ఎక్కువ చెరుపు చేసేది ఆగే చోటు లేకపోవడం. పుస్తకంలో పాఠం అయిపోతుంది. రీల్స్ అయిపోవు. ఆటలో "ఇంకొక్క మ్యాచ్" దగ్గర గుండె దడదడలాడుతూ ఉంటుంది, ఆ దడ తగ్గడానికి అరగంట పడుతుంది. గ్రూపులో ఎవరో ఏదో అన్నారు, నువ్వు జవాబిచ్చావు, బ్లూ టిక్ పడింది, అవతలినుంచి మాట రాలేదు. ఇక నిద్రెక్కడిది?

కాబట్టి:

పడుకునే సమయానికి గంట ముందు ఫోన్ హాల్లోనో వంటింట్లోనో చార్జింగ్‌కి పెట్టు. గంట కుదరకపోతే అరగంటతో మొదలుపెట్టు. దిండు కింద, మంచం పక్క స్టూలు మీద, నీ గదిలోని టేబుల్ మీద ఉంచకు. ఇవేవీ "దూరం" కావు.

"అలారం కోసం దగ్గర పెట్టుకున్నా" అనే మాట రాకూడదనే గడియారం కొనమన్నాను.

"కాలేజీ గ్రూపులో నోట్సు పెడతారు మేడమ్" అంటారా? తొమ్మిదింటికి ఒకసారి చూసి కావలసినవి కాగితం మీద రాసుకో. తొమ్మిది తర్వాత వచ్చినవి పొద్దున చూసుకున్నా ఏమీ మునిగిపోదు. స్నేహితులకు ముందే చెప్పు: "తొమ్మిదింటి తర్వాత నా ఫోన్ హాల్లో ఉంటుంది." ఒక్కసారి చెబితే జవాబివ్వలేదని ఎవరూ నొచ్చుకోరు.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్‌లోకి వెళ్లి బెడ్‌టైమ్ మోడ్ పెట్టు. పెట్టిన సమయానికి నోటిఫికేషన్లు ఆగిపోతాయి, తెర నలుపు తెలుపుల్లోకి మారుతుంది. రంగులు పోయిన రీల్స్ అంతగా లాగవు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద డౌన్‌టైమ్ ఉంటుంది.

పీజీలోనో రూములోనో ఒక్కదానివే, ఒక్కడివే ఉంటున్నావా? స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టి జిప్పు వేసి అల్మారా పైన పెట్టు. మళ్లీ తీయాలంటే నాలుగు పనులు చెయ్యాలి. ఆ నాలుగు పనులే నీకు అడ్డుగోడ.

ఈ మెట్టు మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించు. "మీరూ మీ ఫోన్లు అక్కడే పెట్టండి" అని మర్యాదగా అడుగు. ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే అరలో చేరిన ఇళ్లలో ఇది నిలబడింది. పిల్లల చేతిలోంచి మాత్రమే లాక్కున్న ఇళ్లలో వారానికి మించి నిలవలేదు.

6. కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు

మధ్యాహ్నం మూడు దాటాక వద్దు. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ పదకొండింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. ఈ వయసులో రోజుకు 100 మిల్లీగ్రాములు దాటవద్దంటారు. గట్టి ఫిల్టర్ కాఫీ ఒక్క కప్పే దానికి దగ్గరగా వెళ్తుంది.

కిరాణా కొట్టులో దొరికే ఎనర్జీ డ్రింకుల్లో మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చు. పిల్లలకు మంచిది కాదని సీసా మీదే రాసి ఉంటుంది, తిప్పి చదువు. రాత్రి మేలుకోవడానికి ఇవి తాగే అలవాటు ఉంటే ముందు దాన్ని ఆపు. ఆపిన రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు. అదే తగ్గుతుంది.

7. పడుకునే ముందు గంట

చదువు వరస మార్చుకో. కొత్త లెక్కలు, ఫిజిక్స్ ప్రాబ్లమ్స్, రేపటి స్లిప్ టెస్ట్‌కి టెన్షన్ పెట్టేవి ఎనిమిదిన్నరలోపు ముగించు. చివరికి తేలికైనవి పెట్టుకో: బొమ్మలు గీసుకోవడం, రికార్డు రాయడం, అప్పటికే వచ్చిన పాఠాన్ని ఒకసారి తిరగెయ్యడం.

పుస్తకాలు మూసేటప్పుడు నోట్‌బుక్‌లో ఐదు నిమిషాలు రేపు చెయ్యాల్సినవి రాయి. "కెమిస్ట్రీ మూడో చాప్టర్ మిగిలింది. ఫీజు సంగతి నాన్నతో మాట్లాడాలి. లావణ్య కోపంగా ఉంది, పొద్దున పలకరించాలి." ఇలా ఉన్నదున్నట్టు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, మంచి ఫలితం చూశాను. కాగితం మీదికి వెళ్లిన పని తలలో తిరగడం తగ్గుతుంది.

పడుకునే ముందు గంటా గంటన్నరకు గోరువెచ్చటి నీళ్లతో స్నానం చెయ్యి. స్నానం తర్వాత ఒళ్లు చల్లబడుతుంది, ఆ చల్లదనమే నిద్రను పిలుస్తుంది. అన్నం పడుకోవడానికి రెండు గంటల ముందు. ఆలస్యమైతే పెరుగన్నంతో సరిపెట్టుకో. పదకొండింటికి బిర్యానీ తింటే పడుకోగానే గొంతులోకి మంట ఎగదన్నుకొస్తుంది.

8. పక్క

మంచం మీదే చదివి, మంచం మీదే తిని, మంచం మీదే ఫోన్ చూస్తే, మంచం ఎక్కగానే నిద్రపోవాలని ఒంటికి ఎలా తెలుస్తుంది? చదువు కుర్చీలోనో, కింద చాప మీదో. పక్క మీదికి నిద్రకే వెళ్లు.

ఇల్లు ఒక్క గదే అయితే? మా పిల్లల్లో చాలామందిది అదే పరిస్థితి. అప్పుడు చాపలు రెండు పెట్టుకో. చదువు చాప చుట్టేసి, పడక చాప పరిచి, దాని మీద నిద్ర దుప్పటి వెయ్యి. చోటు అదే అయినా వస్తువు మారుతుంది, అది సరిపోతుంది. అదే గదిలో టీవీ నడుస్తుంటే, సీరియల్ ఆపమని గొడవపడేకంటే ధ్వని తగ్గించమని అడుగు. తల టీవీకి అటువైపు పెట్టి, కళ్ల మీద మెత్తటి నూలు గుడ్డ కప్పుకో.

ఎండాకాలంలో గది ఉడికిపోతుంటే సాయంత్రం నుంచే కిటికీలు తెరిచి పెట్టు, నేల మీద నీళ్లు చల్లి తుడువు, మేడ మీద పడుకునే వీలుంటే దోమతెరతో అక్కడికి వెళ్లు. కరెంటు పోయి మెలకువ వస్తే ఫోన్ టార్చి వెయ్యకు, విసనకర్ర దగ్గర పెట్టుకో.

9. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే

లేచి కూర్చో. గడియారం చూడకు. గడియారాన్ని గోడవైపు తిప్పి పెట్టు, ఇరవై నిమిషాలన్నది అంచనాయే. చిన్న లైటు వెలుగులో కుర్చీలో కూర్చుని, ఉత్కంఠ లేనిదేదైనా చదువు లేదా బట్టలు మడత పెట్టు. కళ్లు మూతపడుతుంటే మళ్లీ పక్క మీదికి వెళ్లు. అవసరమైతే రెండు మూడుసార్లు ఇలాగే.

పడుకుని ఉన్నప్పుడు గాలి మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదులు. పది పన్నెండుసార్లు చాలు. "నిద్ర పట్టాలి, పట్టాలి" అని ప్రయత్నించకు. "ఊరికే పడుకుని ఉంటాను" అనుకో.

ఒక రాత్రి నిద్ర సరిగా లేనంత మాత్రాన మర్నాటి పరీక్ష పాడైపోదు. పాడైపోతుందన్న భయమే ఎక్కువ మేలుకొలుపుతుంది.

10. పగటి కునుకు

ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం మూడులోపు, అలారం పెట్టుకుని. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతావు, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. కాలేజీ నుంచి వచ్చి ఐదింటికి పడుకోవడం మాత్రం పూర్తిగా మానెయ్యి. ఆ సమయంలో నిద్ర ముంచుకొస్తే మొహం కడుక్కుని బయటికి నడువు, అంగడి పని ఏదైనా చేసిపెట్టు. ఐదారు రోజులు ఓర్చుకుంటే రాత్రి నిద్ర దానంతటదే ముందుకొస్తుంది.

నీట్ రాసేవాళ్లకు ఒక మాట. పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు మొదలవుతుంది, అంటే సరిగ్గా భోజనమయ్యాక కళ్లు వాలే వేళ. చివరి నెలరోజులు మధ్యాహ్నం కునుకు మానేసి, మాక్ టెస్టులు ఆ వేళకే రాయి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు పొద్దున 9కి. అర్ధరాత్రి బాగా చదవగలిగే తలకాయ అయినా తొమ్మిదింటికి చురుగ్గా ఉండేలా నెల ముందు నుంచే తయారు చేసుకోవాలి.

హాస్టల్‌లో ఉంటే

పదకొండింటికి లైట్లు ఆర్పి, ఐదింటికి బెల్లు కొట్టే హాస్టల్‌లో ఆరు గంటలే మిగులుతాయి. అది చాలదు. చాలుతుందని నీకు ఎవరు చెప్పినా నమ్మకు. కానీ ఆ ఆరు గంటల్లోంచి ఇంకో గంట పోకుండా కాపాడుకోవచ్చు. లైట్లు ఆర్పాక కబుర్లు గదిలో ఎవరో ఒకరు మొదలుపెడతారు, ఆ ఒకరు నువ్వు కాకు. బకెట్, సబ్బు, రేపటి బట్టలు, పుస్తకాలు రాత్రే సర్దిపెట్టుకుంటే బాత్రూమ్ వరస కోసం నాలుగున్నరకు లేచే పని తప్పుతుంది. చెవుల్లో మెత్తటి ఇయర్ ప్లగ్స్, కళ్ల మీద గుడ్డ. మధ్యాహ్నం భోజనం తర్వాత పది, ఇరవై నిమిషాలు బల్ల మీద తల వాల్చు. ఆదివారం ఒక గంట ఎక్కువ పడుకో, రాత్రి ఒక గంట ముందు పడుకో. పొద్దున ఎక్కువసేపు పడుకోవడంకంటే రాత్రి ముందు పడుకోవడమే మేలు.

నలుగురైదుగురు కలిసి వార్డెన్‌ని గానీ, ప్రిన్సిపల్‌ని గానీ మర్యాదగా అడగండి. "పదిన్నరకే లైట్లు ఆర్పమనండి" అని ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకూ చెప్పండి. పేరెంట్స్ మీటింగ్‌లో తల్లిదండ్రులు గట్టిగా అడిగితే మారిన హాస్టళ్లున్నాయి.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

పదో రోజున, పదిహేనో రోజున నోట్‌బుక్ తీసి చూడు.

- పడుకున్నాక పది నుంచి ముప్పై నిమిషాల్లో నిద్ర పడుతోందా? తల ఆనించగానే ఒక్క నిమిషంలో పట్టేస్తోందంటే సంతోషించకు, ఇంకా నిద్ర బాకీ ఉందని అర్థం.
- ఒకే అలారానికి లేస్తున్నావా? ఒకటి రెండు రోజులైనా అలారానికి ముందే మెలకువ వచ్చిందా? వస్తే చాలా మంచి గుర్తు.
- ఆదివారానికీ మిగతా రోజులకీ లేచే సమయంలో తేడా గంటలోపు ఉందా?
- రెండో పీరియడ్‌లో మేలుకునే ఉంటున్నావా? పక్కన కూర్చునే స్నేహితుణ్ణి అడుగు, వాళ్లు సరిగ్గా చెబుతారు.
- ఇంట్లో విసుక్కోవడం తగ్గిందా? ఇది అమ్మని అడుగు.

చేతి వాచీ "డీప్ స్లీప్ 42 నిమిషాలు" అని చూపించిందని కంగారుపడకు. పడుకున్న, లేచిన సమయాల వరకు దాన్ని నమ్మవచ్చు. ఏ రకం నిద్ర ఎంతసేపన్నది అది వేసే అంచనా మాత్రమే.

పదిహేను రోజుల తర్వాత కూడా పావుగంట మార్పైనా లేదంటే మళ్లీ రెండు, ఐదు, పది మెట్లు చూడు. ఆదివారం, ఫోన్, సాయంత్రపు నిద్ర: ఈ మూడింటిలో ఒకటి తప్పకుండా జారి ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఇవన్నీ నెలరోజులు చేసినా నిద్ర పట్టకపోతే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని పక్కనున్నవాళ్లు చెబితే. ఎనిమిది తొమ్మిది గంటలు పడుకున్నా పగలంతా కునికిపాట్లు పడుతుంటే.

రాత్రి పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్టు, కదిలించకుండా ఉండలేనట్టు అనిపిస్తే రక్తపరీక్ష చేయించుకో. ఐరన్ తక్కువైతే ఇలా కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, కాబట్టి అమ్మాయిలు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చెత్తబుట్టలో వెయ్యకుండా వేసుకోండి, దాని వెంటనే టీ తాగకండి.

మెలకువ వచ్చినా ఒళ్లు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించిందా? దాన్ని దయ్యం అంటారు గానీ, కలల నిద్రలోంచి మనసు ముందు లేచి ఒళ్లు ఇంకా లేవకపోవడం అది. ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. నిద్ర చాలనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువ వస్తుంది. పక్కకు తిరిగి పడుకో. తరచుగా వస్తుంటే డాక్టర్‌కి చెప్పు.

నిద్ర కోసం జలుబు మాత్రలు గానీ, దగ్గు మందు గానీ, ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్రలు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ వేసుకోకు.

రెండు వారాలకు పైగా ఏదీ చెయ్యబుద్ధి కాక, ఏడుపొస్తూ, బతకాలని లేదనే ఆలోచనలతో నిద్ర పట్టకపోతే అది నిద్ర సమస్య ఒక్కటే కాదు. ఆ రాత్రే ఇంట్లో ఎవరినైనా లేపి చెప్పు. చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ ఒక్క విషయంలో మాత్రం పదిహేను రోజులు ఆగవద్దు.

మధ్యలో తప్పిపోతే

తప్పుతుంది. సంక్రాంతికి ఊరెళ్తావు, అన్నయ్య పెళ్లిలో ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి ఉంటుంది, ప్రాక్టికల్స్ ముందు రికార్డు మిగిలిపోతుంది. మర్నాడు పోయిన నిద్రంతా ఒకేసారి పూడ్చాలని పగలంతా పడుకోకు. నీ మామూలు సమయానికి, మరీ నీరసంగా ఉంటే గంట ఆలస్యంగా లేచి వెలుగులోకి వెళ్లు. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కునుకు తియ్యి. ఆ రాత్రి నిద్ర ముందే వస్తుంది, వచ్చినప్పుడు ఆపకుండా పడుకో. రెండు మూడు రోజుల్లో పాత వరసలోకి వస్తావు. నోట్‌బుక్‌లో ఆ రోజు దగ్గర "పెళ్లి" అని రాసి, మర్నాటి నుంచి మళ్లీ అంకెలు వెయ్యి.